తాకి చూసే మ్యూజియం

ఏ మ్యూజియంకు వెళ్లినా ‘వస్తువులను తాకరాదు’ అన్న బోర్డు ముందుగా పలకరిస్తుంది. గుమాస్తాగా ఇటువంటి నోటీసులు ఎన్నో టైపు చేసినవాడిని గనుక, దాని వెనుక కారణం ఉంటుందని ఎరుగుదును. చేతి చెమట, జిడ్డు తగిలితే లోహానికి మచ్చ పడుతుంది, రాయి నల్లబడుతుంది. అయితే చూపు లేనివారికి ఆ బోర్డు ‘మీరు రానక్కరలేదు’ అన్నట్టే.

ఈ చిక్కును నూరేళ్ల క్రిందటే ఒక ఉద్యోగి విప్పాడు. ఇంగ్లండులో సండర్లాండ్ అని ఓడల తయారీకి పేరుపొందిన ఊరుంది. అక్కడి మ్యూజియంకు క్యూరేటరుగా పనిచేసిన జాన్ ఆల్ఫ్రెడ్ చార్ల్‌టన్ డీస్, 1913లో ఆ ఊరి అంధుల పాఠశాల పిల్లలను మ్యూజియంకు పిలిపించి, వస్తువులను తడిమి చూడనిచ్చాడు. పాఠంలో విన్న జంతువు ఎంత ఉంటుందో, పక్షి ముక్కు ఎలా వంగి ఉంటుందో వాళ్ల వేళ్లకే తెలిసింది. తరువాత బంకమట్టి ఇచ్చి, తాకినదాన్ని బొమ్మగా చేయించారు. ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తోచదు. పిల్లవాడి మనసులో ఏ రూపం నిలిచిందో ఆ మట్టిముద్దే చెబుతుంది కదా! ఆపైన అంధులైన పెద్దలనూ ఆహ్వానించారు.

1993లో ఇటలీలోని అంకోనాలో, చూపులేని దంపతులు ఆల్డో గ్రసీని, డానియెలా బొట్టెగోని పూనికతో ఏకంగా తాకడానికే ఒక మ్యూజియం వెలసింది. పేరు ‘ఒమేరో’, అంటే అంధుడని ప్రతీతి గల గ్రీకు కవి హోమర్. ప్రసిద్ధ శిల్పాల నకళ్లు అక్కడ చేతికందుతాయి. మన ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో కూడా 2016 నాటికి ‘అనుభవ్’ పేరిట తాకి చూసే గ్యాలరీ ఏర్పడింది.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటలు కొట్టే గడియారాన్ని చూపులేనివారు విని ఆనందించవచ్చు. కాని మేలిముసుగు రెబెక్కా మాటో? చలువరాతిలో అంత పలుచని ముసుగును ఎంత వర్ణించినా చాలదు. నకలు మీద వేళ్లు ఆనించాలి.

బ్రెయిలీ పలకలు పెడితే సరిపోతుందని కొందరనుకుంటారు. మన వయసులో గ్లకోమా వల్ల చూపు పోయినవారిలో బ్రెయిలీ వచ్చినవారెందరు? మన సంఘంలోనే అటువంటి మిత్రులు విహారయాత్రకు పేరివ్వడం మానేశారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితానికి సంబంధించినదే. వచ్చే యాత్రకు ముందు ఆ సెక్షన్ ఉటంకిస్తూ, తాకనిచ్చే వస్తువులు, నకళ్లు ఏవున్నాయో, పక్కనుండి వివరించే మనిషి దొరుకుతాడో లేదో తెలుపవలసిందని కార్యదర్శిగారు మ్యూజియం అధికారులకు రాయాలి. ముసాయిదా నేను సిద్ధం చేసి ఉంచాను.