సాలెపట్టు లెక్కలు

1710 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మోంపెల్యే నగరానికి చెందిన బాన్ అనే ఉన్నతాధికారి సాలీళ్ల గుడ్ల సంచుల నుంచి తీసిన పట్టుతో మేజోళ్లు, చేతి తొడుగులు చేయించాడు. దాని సంగతి తేల్చమని పారిస్ సైన్సు అకాడమీ ప్రకృతి శాస్త్రవేత్త రియోమ్యూర్‌ను పురమాయించింది. దారం మెరుపు గురించి ఆయన పెదవి విరిచాడు గానీ, అసలు దెబ్బ లెక్కల్లో కొట్టాడు. సాలీళ్లను ఒకచోట ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి, విడివిడిగా పెంచితే ఈగలు మేపలేక చావాలి, పౌను పట్టుకు 27,000 పైచిలుకు సాలీళ్లు కావాలి. జన్యుమార్పిడి పట్టు కంపెనీలో డబ్బు పెట్టాలనుకునేవారు ప్రాస్పెక్టస్ కన్నా ముందు ఈ లెక్క చూడాలి. ఈ వ్యాపారం తడబడిన ప్రతిసారీ దారం గొప్పతనంపై పేచీ లేదు. దాన్ని చవగ్గా వడకడం దగ్గరే బండి ఆగింది.

కెనడా కంపెనీ నెక్సియా సాలీడు జన్యువును మేకల్లో పెట్టి, పాలలో పట్టు ప్రొటీన్ తీయబోయింది. 2000లో టొరంటోలో షేర్లు అమ్మింది, 2002లో అమెరికా సైన్యం పరిశోధకులతో కలిసి సైన్స్ పత్రికలో వ్యాసం వేసింది. ఆ పట్టుకు పెట్టిన బయోస్టీల్ అన్న పేరు మారుమోగింది. ప్రొటీన్ వచ్చింది. దాన్ని దారంగా లాగితే మాత్రం సాలీడు దారమంత బలం రాలేదు. కొన్నేళ్లకే కంపెనీ ఆ దారి వదిలేసింది, మేకలు విశ్వవిద్యాలయ పరిశోధకుల పాలయ్యాయి. తర్వాత అమెరికా కంపెనీ బోల్ట్ థ్రెడ్స్ ఆ ప్రొటీన్ కోసం ఈస్ట్‌ను నమ్ముకుని 2017లో 50 టైలు, ఒక్కొక్కటి 314 డాలర్లకు అమ్మింది. 2024లో నాస్‌డాక్ చేరేనాటికి దాని ప్రధాన సరుకు బట్ట కాదు, సౌందర్య సాధనాల్లో కలిపే ప్రొటీన్. వడకనక్కర్లేని చోటే బేరం కుదిరిందన్నమాట!

పట్టుపురుగు వడకడంలో పుట్టుకతోనే దిట్ట కదా, ఈ లెక్క దానికెలా వర్తిస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తల ఎనిమిది అంకెలా తిప్పుతూ, పొట్టలోని జిగురును లాగి పోగుగా మార్చే ఆ నేర్పు ఏ యంత్రానికీ ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. 2006లో పుట్టిన అమెరికా కంపెనీ క్రెయిగ్ బయోక్రాఫ్ట్ సాలీడు జన్యువు పెట్టిన పట్టుపురుగు మీదే నిలబడి, వియత్నాంలో పెంపకం మొదలుపెట్టింది. అయితే పురుగును తెచ్చుకుంటే మల్బరీ ఆకు, కూలీ, రోగం కూడా వెంట వస్తాయి. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ, హిందూపురం పట్టు పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు జన్యువు మార్చింది వింత దారం కోసం కాదు, గ్రాసరీ రోగాన్ని తట్టుకునే పురుగు కోసం. షెడ్డులో రైతు డబ్బు ఎక్కడ పోతుందో వాళ్లకు తెలుసు. పైగా 2012లో ప్రచురించిన పరిశోధనలోని సంకర దారాల్లో సాలీడు ప్రొటీన్ వాటా కొద్ది శాతమే. బలం పెరిగిన మాట నిజం, కానీ అది ఎక్కువగా పట్టుపురుగు పట్టే. క్రెయిగ్ వార్షిక నివేదికల్లోనూ కంపెనీ మనుగడపై సందేహం ఏళ్ల తరబడి నమోదవుతూ వచ్చింది. కొత్త పురుగు రకం పుట్టిందన్న ప్రకటనకు షేరు ఎగిరితే ఎగరనివ్వండి. కిలో దారం ఎంతకు పడుతోంది, ఆ ధరకు రెండోసారి కొన్నదెవరు అన్నవి ఆదాయ పట్టికలో కనిపించేదాకా దాన్ని పరిశోధనకు ఇచ్చిన చందాగానే రాసుకోవాలి.