క్యాంపర్ ట్రైలర్లలో ఫ్యూజులు, ఎలక్ట్రిక్ జాకీలు: లోపాల గుర్తింపు

కారు లేదా పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు క్యాంపర్ ట్రైలర్. పడక, వంటగట్టు, స్నానాలగది అన్నీ అందులోనే ఉంటాయి. అమెరికా, కెనడాల్లో వీటి వాడకం ఎక్కువ. అమెరికాలో తయారయ్యే వాటిలో సింహభాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పరిసరాల నుంచే వస్తుంది. సినిమా షూటింగుల దగ్గర తెలుగువారు చూసే క్యారవాన్ సాధారణంగా సొంత ఇంజనుతో నడుస్తుంది. ట్రైలర్‌కు ఇంజను ఉండదు. బండి నుంచి విప్పగానే దాని నొగ, అంటే ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప చట్రం, జాకీ మీద నిలబడాలి. కొత్త ట్రైలర్లలో చాలావాటికి ఈ జాకీ 12 వోల్టుల మోటారుతో పనిచేస్తుంది. అది కదలకపోతే ట్రైలర్‌ను తగిలించడమూ కుదరదు, విప్పడమూ కుదరదు.

రెండు రకాల కరెంటు

ట్రైలర్‌లో రెండు విద్యుత్ వ్యవస్థలు పక్కపక్కనే ఉంటాయి. దీపాలు, నీటి పంపు, ఫర్నేస్ ఫ్యాను, జాకీలు బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. ఎయిర్ కండిషనర్, మైక్రోవేవ్, గోడ సాకెట్లకు క్యాంప్‌గ్రౌండ్ స్తంభం నుంచి కేబుల్‌తో తెచ్చుకునే 120 వోల్టుల ఏసీ కావాలి. ఈ 120 వోల్టులను కన్వర్టర్ 12 వోల్టుల డీసీగా మార్చి బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. చాలా ట్రైలర్లలో ఒకే పెట్టెలో ఒక పక్కన ఏసీ బ్రేకర్లు, మరో పక్కన డీసీ ఫ్యూజులు అమర్చి ఉంటాయి.

లోపాలు ఎక్కువగా వచ్చేది 12 వోల్టుల వైపే. 360 వాట్ల పని చేయడానికి 120 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు చాలు, 12 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లు కావాలి. తుప్పు పట్టిన ఒక బోల్టు దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. 3 ఆంపియర్లకు అక్కడ పోయేది 0.3 వోల్టు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. 30 ఆంపియర్లకు 3 వోల్టులు పోతాయి. ఉన్న పన్నెండింటిలో పావు వంతు అక్కడే హరించుకుపోతే మోటారు మూలుగుతుంది, తిరగదు. ట్రైలర్ మరమ్మతులో సగం విద్య ఈ లెక్కలోనే ఉంది.

ఫ్యూజులు

ఇప్పుడు కార్లలోనూ ట్రైలర్లలోనూ కనిపించే రెండు రేకుల బ్లేడ్ ఫ్యూజును లిటిల్‌ఫ్యూజ్ సంస్థ 1976లో ప్రవేశపెట్టింది. రంగును బట్టి సామర్థ్యం తెలుస్తుంది: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30.

ఫ్యూజు కాపాడేది పరికరాన్ని అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కాపాడేది తీగను. 14 గేజి తీగకు 15 ఆంపియర్ల ఫ్యూజు, 10 గేజి తీగకు 30 ఆంపియర్ల ఫ్యూజు అనేది వాడుకలో ఉన్న జోడీ. 15 మాటిమాటికీ పోతోందని అక్కడ 30 పెడితే, ఈసారి కాలేది గోడలో ప్లైవుడ్ వెనక ఉన్న తీగ. మన ఇళ్లలో పాత పింగాణీ ఫ్యూజులకు రాగి తీగ నాలుగు చుట్లు చుట్టి పెట్టే అలవాటు ఎంత ప్రమాదమో ఇదీ అంతే. ట్రైలర్‌లో గోడలు పలచన, వంటగ్యాస్ సిలిండరు నొగ మీదే, బయటికి దారులు ఒకటో రెండో. ఏ అవసరమొచ్చినా పెద్ద ఫ్యూజు పెట్టకూడదు.

ఫ్యూజును కళ్లతో చూసి బాగుందని తేల్చడానికి లేదు, సన్నని పగులు కంటికి ఆనదు. దాని నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు పైకి కనిపిస్తాయి. మల్టీమీటర్ నల్ల పిన్నును బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించి, ఎర్ర పిన్నును ఒక్కో చుక్క మీద పెట్టాలి. రెండు చోట్లా 12 వోల్టులు వస్తే ఫ్యూజు బాగున్నట్టు. ఒక్క చోటే వస్తే పోయినట్టు. రెండు చోట్లా రాకపోతే అసలు సరఫరానే ఆగిపోయింది, వెతకాల్సింది ఇంకా వెనక.

వెనక అంటే సాధారణంగా బ్యాటరీ దగ్గరే. అక్కడ రెండు ఇత్తడి బోల్టులతో అగ్గిపెట్టె కన్నా చిన్న ఆటో రీసెట్ బ్రేకరు ఉంటుంది. ఎండావానలకు బయటే ఉంటుంది కాబట్టి చిలుము పట్టడం మామూలే. కన్వర్టర్ మీద మరో రెండు ఫ్యూజులు, సాధారణంగా 30 లేదా 40 ఆంపియర్లవి, పక్కపక్కనే ఉంటాయి. బ్యాటరీని తిరగేసి తగిలిస్తే పోయేవి ఇవే. ఈ పొరపాటు అంత తరచుగా జరగడానికి కారణముంది. కారు బ్యాటరీకి నల్ల తీగ నెగెటివ్. అమెరికా ట్రైలర్లలో చాలా వాటికి నల్ల తీగే పాజిటివ్, తెల్లది నెగెటివ్. కొత్త బ్యాటరీ మార్చిన రోజు నుంచే ఛార్జింగ్ ఆగిపోయిందంటే ముందుగా చూడాల్సింది ఈ రెండు ఫ్యూజులనే.

జాకీ కదలనప్పుడు

నొగ జాకీకి కరెంటు సాధారణంగా ఫ్యూజుల పెట్టె నుంచి రాదు, నేరుగా బ్యాటరీ పాజిటివ్ నుంచి వస్తుంది. దారిలో తీగలోనే తొడిగిన 30 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. లోపలి పెట్టెలో అన్ని ఫ్యూజులూ పీకి చూసినా అది దొరకదు.

చాలా జాకీలకు నెగెటివ్ తీగ విడిగా ఉండదు. జాకీ ఒళ్లే నెగెటివ్. మూడు బోల్టుల ద్వారా చట్రానికి, చట్రం నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగి చేరుతుంది. చట్రానికి ఫ్యాక్టరీలో దట్టంగా రంగు వేస్తారు, ఆ రంగు మీదే జాకీ బిగిస్తారు. మొదటి ఏడాది బోల్టు మరల గుండా ఎలాగో నడిచినా, తుప్పు చేరాక మొరాయిస్తుంది. స్విచ్ మీది దీపం వెలుగుతుంది, లోపల టక్కుమని చప్పుడు వస్తుంది, మోటారు మాత్రం తిరగదు. దీపానికి కావలసింది చిటికెడు కరెంటు, అది తుప్పు గుండా కూడా పోతుంది.

దీన్ని తేల్చే పరీక్ష సులువు. మల్టీమీటర్ ఒక పిన్నును బ్యాటరీ నెగెటివ్ కొయ్య (టెర్మినల్) మీద, రెండోదాన్ని జాకీ మీద రంగు గీకిన చోట ఆనించి, మరొకరి చేత స్విచ్ నొక్కించాలి. అర వోల్టు లోపు చూపిస్తే ఆ దారి బాగుంది. రెండు మూడు వోల్టులు చూపిస్తే దోషం అక్కడే. బోల్టులు విప్పి, ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషర్లు వేసి బిగించాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ చట్రానికి కలిసే బోల్టునూ అలాగే శుభ్రం చేయాలి. కొత్త జాకీ కొనేముందు ఈ పని తప్పక చేయాలి. బాగున్న మోటార్లు ఎన్నో ఈ తుప్పు వల్లే చెత్తలోకి పోతున్నాయి.

అదే మీటర్‌ను బ్యాటరీ రెండు కొయ్యల మధ్య పెడితే బ్యాటరీ సంగతీ తేలుతుంది. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏ భారమూ లేనప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.2 అంటే సగం దిగినట్టు. స్విచ్ నొక్కగానే పది లోపుకు పడిపోతే బ్యాటరీ ముసలిదైనట్టు, లేదా దాని కొయ్యల దగ్గర పట్టు లేనట్టు. లిథియం బ్యాటరీకి ఈ అంకెలు వర్తించవు. దాని లోపలి రక్షణ సర్క్యూట్ కరెంటును ఆపేస్తే ఒక్క ఫ్యూజూ పోకుండానే ట్రైలర్ అంతా చీకటైపోతుంది. ఛార్జర్ తగిలిస్తే చాలావరకు తిరిగి లేస్తుంది.

ఫ్యూజు ఎప్పుడు పోయిందో గమనిస్తే కారణం సగం దొరికినట్టే. కొత్తది పెట్టగానే పోతే ఎక్కడో తీగ చట్రానికి తగులుతోంది. ఇనుపరేకులో చేసిన రంధ్రం అంచు దగ్గర, క్లిప్పు నొక్కిన చోట తొడుగు ఒరిసిపోయి ఉంటుంది. ఫ్యూజులు తగలేసుకోకుండా ఆ స్థానంలో పాత హెడ్‌లైట్ బల్బు తగిలించి, స్విచ్ నొక్కకుండా తీగలు ఒక్కోటీ కదిపి చూడాలి. షార్టు ఉన్నంతసేపూ అది పూర్తిగా వెలుగుతుంది, విడిపోగానే ఆరిపోతుంది. జాకీ కాసేపు లేచాక ఫ్యూజు పోతే బరువు మీద అనుమానపడాలి. ట్రైలర్‌ను ట్రక్కుకు బిగించే కప్లర్ గొళ్లెం తీయకుండా జాకీ ఎత్తితే ట్రక్కు వెనక భాగం కూడా దానితోపాటే లేస్తుంది. మర గొట్టం వంగినా, గ్రీజు ఎండిపోయినా అదే ఫలితం. మూలల్లో ఉండే స్టెబిలైజర్ జాకీలు ఊగకుండా ఆపడానికే. వాటితో ట్రైలర్‌ను పైకెత్తబోతే ఫ్యూజుతో ఆగదు, కాళ్లే వంగుతాయి.

ఏడు పిన్నుల ప్లగ్గు

ట్రక్కు నుంచి ట్రైలర్‌కు వచ్చే ప్లగ్గులో ఒక పిన్ను బ్యాటరీ ఛార్జింగ్‌కు, ఒకటి బ్రేకులకు, ఒకటి నెగెటివ్‌కు, మిగిలినవి దీపాలకు. ట్రైలర్ బ్యాటరీ పూర్తిగా దిగిపోయినప్పుడు ప్లగ్గు పెట్టి జాకీ నొక్కితే ఆ భారమంతా ట్రక్కు మీద పడి, దాని ఛార్జింగ్ ఫ్యూజు పోవచ్చు. అన్ని దీపాలూ కలిసి మసకగా వెలిగినా, ఇండికేటర్ వేస్తే మిగతా దీపాలు కూడా మినుకుమన్నా నెగెటివ్ పిన్ను చూడాలి.

జాగ్రత్తలు

చక్రాలకు ముందూ వెనకా అడ్డుకట్టలు పెట్టకుండా జాకీ ముట్టకూడదు. జాకీ ఒక్కటే ఆధారంగా ఉన్న ట్రైలర్ కిందికి ఎవరూ దూరకూడదు. తీగలు విప్పేటప్పుడు ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి, ఉంగరాలు, గొలుసులు పక్కన పెట్టాలి. 12 వోల్టులు షాక్ కొట్టకపోయినా, స్పానరు రెండు కొయ్యలకూ తగిలితే ఎర్రగా కాలిపోతుంది. పెట్టెలో 120 వోల్టుల వైపు పని ఉంటే స్తంభం దగ్గర ప్లగ్గు పీకాలి, బ్యాటరీకి ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపాలి, ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

దారి మధ్యలో ఏదీ ఫలించకపోతే, చాలా ఎలక్ట్రిక్ జాకీలకు నెత్తిన రబ్బరు మూత ఉంటుంది. దాన్ని తీసి, జాకీతో వచ్చిన చేతిపిడి దూర్చి తిప్పితే కాలు లేస్తుంది, దిగుతుంది. పిడి లోపల ఉండగా ఎవరైనా స్విచ్ నొక్కితే అది గిర్రున తిరిగి మణికట్టు విరుస్తుంది కాబట్టి, తిప్పడానికి ముందే ఆ 30 ఆంపియర్ల ఫ్యూజును పీకి జేబులో వేసుకోవాలి.