అమలు అసాధ్యమైతే లీజు ఏమవుతుంది?
లీజుకు తీసుకున్న షాపు తెరిచే వీల్లేకపోతే అద్దె కట్టాలా? అమలు అసాధ్యమైన ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 56వ సెక్షన్ చెబుతోంది. అయితే ఇది లీజులకు వర్తించదని రాజా ధ్రువదేవ్ చంద్ కేసులో 1968లో సుప్రీంకోర్టు తేల్చింది. లీజుతో ఆస్తిపై హక్కు అప్పటికే బదిలీ అయిపోతుందన్నది కారణం. దేశ విభజనతో పాకిస్తాన్‌లోకి వెళ్లిన భూమికి ముందే కట్టిన కౌలు సైతం ఆ కేసులో వెనక్కి రాలేదు.

అద్దెదారుకు దారి చూపేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్. అగ్నిప్రమాదం, వరద, మూకదాడి వంటివాటితో ఆస్తిలో ముఖ్యభాగం ధ్వంసమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా లీజు రద్దు చేసుకోవచ్చు. తాత్కాలికంగా మూతపడితే చాలదు. లాక్‌డౌన్ పేరుతో ఖాన్ మార్కెట్ దుకాణదారు అద్దె నిలిపివేత కోరగా, ఢిల్లీ హైకోర్టు 2020 మేలో తోసిపుచ్చింది. చెల్లింపు గడువును మాత్రం కొంత సడలించింది. కాబట్టి అనుకోని విపత్తుల్లో అద్దె మినహాయింపు ఇచ్చే నిబంధన ఒప్పందంలో ఉందో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి.