సేకరణ నుంచి చరిత్రకు: కామారెడ్డి సీమ సాహిత్య చరిత్ర రచనకు రెండు నమూనాలు

2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుంచి కామారెడ్డి జిల్లా వేరుపడింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ ప్రాంతాలు ఈ కొత్త జిల్లాలో చేరాయి. జిల్లాల పునర్విభజన తరువాత ప్రాంతీయ సాహిత్య చరిత్రలపై ఆసక్తి పెరిగింది. కవుల పేర్లు, కృతుల పట్టికలు, శాసనాల జాబితాలు, స్థలపురాణాలు అనేకం ఒకచోటికి చేరుతున్నాయి. ఈ సేకరణ అవసరమైనదే. అయితే సేకరించినదంతా చరిత్ర అవుతుందా అన్నది పరిశోధకులు వేసుకోవలసిన ప్రశ్న. ఏరి కూర్చిన సామగ్రి స్వతంత్ర రచనగా మారే క్రమాన్ని రెండు ఉదాహరణల ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి ఉదాహరణ ఈ సీమదే. 16వ శతాబ్దికి చెందిన కామినేని మల్లారెడ్డి బిక్కనవోలు, అంటే నేటి భిక్కనూరు, ప్రభువు. శివధర్మోత్తరము, పద్మపురాణము, షట్చక్రవర్తి చరిత్రము ఆయన కృతులు. షట్చక్రవర్తి చరిత్రములోని కథావస్తువు ఆయన కల్పించినది కాదు. హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యుడు అనే ఆరుగురు చక్రవర్తుల పేర్లు సంప్రదాయంలో ఒక వరుసగా ప్రసిద్ధం. వారి కథలు పురాణేతిహాసాలలో చెదిరి ఉన్నాయి. తెలుగులోనే నలకథను నన్నయ అరణ్యపర్వంలో, శ్రీనాథుడు శృంగారనైషధంలో చెప్పి ఉన్నారు. హరిశ్చంద్రుని కథను గౌరన ద్విపదలో రచించాడు. శ్రోతకు తెలియని కథ ఇందులో దాదాపు లేదు.

అయినా ఆ గ్రంథం సంకలనం కాదు, కావ్యం. విడివిడిగా ఉన్నప్పుడు నలునిది ప్రణయగాథ, హరిశ్చంద్రునిది సత్యవ్రతగాథ, కార్తవీర్యునిది పరాక్రమగాథ. ఆరింటినీ చక్రవర్తిత్వమనే ఒకే సూత్రంపై గుచ్చినప్పుడు ప్రతి కథా రాజధర్మానికి ఒక ముఖంగా కనిపిస్తుంది. కవి స్వయంగా పాలకుడు కావడం వల్ల ఈ ఎంపికకు మరింత అర్థం ఏర్పడింది. వస్తువు పాతదే అయినా దానిని ఏరిన దృష్టి కొత్తది. ఆ దృష్టే కర్తృత్వం.

రెండవ ఉదాహరణ ఆధునిక కాలానిది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. 354 మంది కవులను అందులో పరిచయం చేశారు. ఇక్కడ సంఖ్యే వాదం. ఉన్నారని నిరూపించవలసిన చోట పేరు, ఊరు, పద్యం చూపితే చాలు. సంచిక ఆ పనిని సంపూర్ణంగా చేసింది.

అదే రచయిత 1949లో ప్రచురించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో పద్ధతి మారింది. ఇందులోనూ సేకరణ ఉంది. పాల్కురికి సోమనాథుని కృతులు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి మొదలైన వాటి నుంచి తిండి, బట్ట, ఆటలు, వ్యవసాయం, వృత్తులు, నమ్మకాలు తెలిపే భాగాలను ఏరారు. అయితే ఏరిన పద్యాలను కవుల వారీగా పేర్చి వదలలేదు. యుగాల వారీగా విభజించి, ఒక కవి మాటను మరొక కవి మాటతో సరిచూసి, జనజీవనం ఎలా ఉండేదన్న ప్రశ్నకు సమాధానం రాబట్టారు. పద్యం అలంకారంగా గాక సాక్ష్యంగా నిలిచింది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి పురస్కారం ఈ గ్రంథానికి దక్కింది. అప్పటికి రచయిత లేరు.

ఒకే పరిశోధకుని ఈ రెండు గ్రంథాల మధ్య పదిహేనేళ్ల దూరం ఉంది. మొదటిది లేకపోతే తెలంగాణ సాహిత్య చరిత్రకు పునాది లేదు. మొదటి దానితోనే ఆగిపోతే పునాది మీద గోడ లేదు.

ఈ వివేచన కామారెడ్డి సీమకు నేరుగా వర్తిస్తుంది. దోమకొండ సంస్థాన ప్రభువుల పేరు మీదుగా కామారెడ్డికి ఆ పేరు వచ్చిందని స్థానికంగా చెప్పుకుంటారు. ఎల్లారెడ్డికీ అటువంటి వ్యుత్పత్తి చెప్పడం సులభం. కాని పేర్ల పోలిక ఊహకు ఆధారమే తప్ప నిర్ణయానికి ఆధారం కాదు. ఐతిహ్యాన్ని ఐతిహ్యంగా నమోదు చేసి, శాసనాలతోను, కావ్యాల అవతారికలలోని వంశవర్ణనలతోను సరిచూసినప్పుడే అది చరిత్రలో చోటు సంపాదించుకుంటుంది. సరిచూడకుండా ఒక పుస్తకం నుంచి మరొక పుస్తకానికి ఎత్తిరాసిన వాక్యం, ఎత్తిరాసినన్ని సార్లు బలపడినట్లు కనిపిస్తుంది. నిజానికి దాని మూలం ఒక్కటే.

కాబట్టి సేకర్త మూడు పనులు చేయవలసి ఉంటుంది. ఎందుకు ఏరుతున్నాడో ముందుగా నిర్ణయించుకోవాలి. ఏరిన ప్రతి అంశం ఎక్కడిదో చెప్పి, దాని విలువను తూచాలి. చివరకు ఆ సామగ్రి ఏమి తెలుపుతున్నదో తన మాటల్లో చెప్పే బాధ్యత తీసుకోవాలి. మల్లారెడ్డి ఆరు పాత కథలతోను, ప్రతాపరెడ్డి వందలాది పాత పద్యాలతోను చూపిన మార్గం ఇదే. భిక్కనూరులో నేడు తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం ఉంది. ఆ ప్రభుకవి ఏలిన ఊరి నుంచే ఈ సీమ సాహిత్య చరిత్ర పట్టిక దశను దాటి రచన దశకు చేరడం సముచితంగా ఉంటుంది.