ఆరోగ్య, సామాజిక సేవా చదువులు: కింది మెట్టు దగ్గరే ఆగిపోకుండా

ఆసుపత్రి పని మనవాళ్లకు కొత్త కాదు. ఊళ్లో పురుటి మైల ఎత్తిన చేతులు, ఈరోజు వార్డులు కడుగుతున్న చేతులు ఎక్కువగా అణగారిన కులాలవే. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. అలాంటి మిషన్ ఆసుపత్రులు దళిత క్రైస్తవ ఆడపిల్లలకు నర్సింగ్ తలుపు తెరిచాయి. ఇప్పుడు కాలేజీలు పెరిగాయి, కోర్సుల పేర్లూ పెరిగాయి. మేం ఇక్కడ చెప్పదలచుకున్నది ఒక్కటే: ఏ కోర్సులో చేరినా, దాని నుంచి పై మెట్టుకు దారి ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి.

నర్సింగ్‌లో మెట్లు

ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ఈ రెండింటికీ అర్హత ఉంటుంది. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. దీనికి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. ఆర్ట్స్ చదివిన అమ్మాయికి దారి మూసుకుపోయినట్టు కాదు. జీఎన్ఎం చేసి కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యాక, రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదవొచ్చు. ఆ తర్వాత ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. రిజిస్టర్ అయిన ఏఎన్ఎంలు కూడా జీఎన్ఎంలో చేరొచ్చు. నర్సింగ్ కాలేజీల్లో పాఠం చెప్పే కుర్చీ దాకా వెళ్లే నిచ్చెన ఇదే.

ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నార్సెట్ పరీక్ష ఉంటుంది. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్ మనకు దగ్గర. జీఎన్ఎం వాళ్లు ఈ పరీక్ష రాయాలంటే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసిన అనుభవం చూపాలి. అందుకే మొదటి ఉద్యోగం ఎక్కడ చేస్తున్నామన్నది ముఖ్యం. చిన్న నర్సింగ్ హోమ్‌లో అపాయింట్‌మెంట్ లెటర్ లేకుండా చేసిన పనిని తర్వాత అనుభవంగా చూపడం కష్టం.

మోసపోయేది ఎక్కడ?

ఆరు నెలల్లో నర్స్, ఏడాదిలో ల్యాబ్ టెక్నీషియన్ అనే బోర్డులు పట్టణాల్లో కనిపిస్తుంటాయి. వాటికి ఫీజు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగాలి. నర్సింగ్ కోర్సయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందా? ల్యాబ్, ఎక్స్‌రే వంటి డిప్లొమా అయితే రాష్ట్ర పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందా? చదువు పూర్తయ్యాక రిజిస్ట్రేషన్ వస్తుందా? రిజిస్ట్రేషన్ రాకపోతే ఆ సర్టిఫికెట్‌తో దొరికేది ఆయా జీతమే.

సామాజిక సేవ, ప్రజారోగ్యం

ఏ డిగ్రీ చేసినా రెండేళ్ల ఎంఎస్‌డబ్ల్యూకు అర్హత ఉంటుంది. ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్, సఖి కేంద్రాల్లో కౌన్సెలర్, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఉద్యోగాలు ఈ చదువుతో వస్తాయి. వీటిలో చాలావరకు కాంట్రాక్టువే. ఆ సంగతి తెలిసే చేరాలి. ముంబై టిస్‌లో దళిత, ఆదివాసీ అధ్యయనాలపై ప్రత్యేకంగా సోషల్ వర్క్ పీజీ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రజారోగ్యంలో మాస్టర్స్ ఉంది. పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు ఎస్సీ జాతీయ ఫెలోషిప్ కింద ఏటా 2,000 స్లాట్లు ఉన్నాయి.

కాగితాలు, కులం

రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ రిజర్వేషన్ 15 శాతం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 2025లో రెండు చోట్లా వర్గీకరణ అమల్లోకి వచ్చింది. తెలంగాణలో మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతం. దరఖాస్తు పెట్టేముందు కుల ధ్రువీకరణ పత్రంలో గ్రూపు ఉందో లేదో చూసుకోండి.

క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాకు దూరం పెట్టింది. రెండు రాష్ట్రాల్లోనూ వాళ్లకు మిగిలింది బీసీ-సి కింద 1 శాతం. తొలి తరం నర్సుల కుటుంబాల పిల్లలకే ఈ దెబ్బ తగులుతోంది. దీన్ని మనం హక్కుల సమస్యగా మాట్లాడాలి.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కేంద్ర నిబంధన ప్రకారం కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు మించకూడదు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరేముందు అది వర్తిస్తుందో లేదో జిల్లా సంక్షేమ కార్యాలయంలో అడగండి. ప్రభుత్వం ఫీజు బకాయి పెడితే కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుతుంది. సర్టిఫికెట్లు లేక రిజిస్ట్రేషన్ ఆగుతుంది, దాంతో ఉద్యోగమూ ఆగుతుంది. ప్రభుత్వం చేసిన ఆలస్యానికి శిక్ష పడేది విద్యార్థికే.

విదేశాల మాట

బ్రిటన్ 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేసింది. అయినా ఆ వీసా ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మొద్దు. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు కూడా సేవా రుసుముగా రూ.30,000, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలు. ముందు అక్కడ విచారించండి.

కార్యకర్తలకు ఒక మాట. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనే వాడల్లో, హాస్టళ్లలో పిల్లలతో కూర్చోండి. వరంగల్ కాళోజీ, విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల నోటిఫికేషన్లు చూపించండి, ఆదాయ, కుల పత్రాలు దగ్గరుండి తీయించండి. చాలామందికి సీటు తప్పేది మార్కులు తక్కువై కాదు, గడువు దాటిపోయి.