కాలువ మరిపించిన కప్పునీళ్లు

నిజామాబాదులో కొత్త ఇల్లు మొదలుపెట్టేవాళ్లు ముందుగా బోరు జాగా చూసుకుంటారు. ఈశాన్యం మూలకు సంపు గీయిస్తారు. స్లాబు మీద పడే వాన ఎటు పోవాలన్న సంగతి మాత్రం సెంట్రింగ్ విప్పిన తర్వాత ఎప్పుడో, పైపు ఏ మూలకు దించాలని మేస్త్రీ అడిగినప్పుడు గుర్తుకొస్తుంది. అప్పటికి వాటం ఖాయమైపోయి ఉంటుంది. చేయగలిగింది ఒక్కటే, పైపును తెచ్చి వీధి మోరీ మీదికి వదలడం.

ఆ మోరీలో పోయే నీళ్లెన్నో ఒకసారి లెక్క వేద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ జిల్లాలో ఏడాది వాన సుమారు 1,000 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. 100 చదరపు మీటర్ల స్లాబు మీద ఆవిరికీ చిందుకూ ఐదో వంతు తీసేసినా 80,000 లీటర్లు మిగులుతాయి. ఇన్ని నీళ్లు నెత్తిన పడుతున్నా ఈ ప్రాంతం వాటిని పట్టుకోవాలని ఎందుకు అనుకోలేదు? దానికి జవాబు మనుషుల నిర్లక్ష్యంలో కన్నా ఇక్కడి నీళ్ల చరిత్రలో ఎక్కువగా దొరుకుతుందని నా నమ్మకం.

నిజామాబాదు పాత పేరు ఇందూరు. ఆ పాత ఇందూరు ఊళ్లలో సాధారణ ఇల్లంటే గూనపెంకుల ఇల్లు. కుమ్మరి సారె మీద చేసిన గూనలను ఒక వరుస వెల్లకిలా, ఒక వరుస బోర్లా కప్పేవారు. మిరుగం కార్తె రాకముందే వాటిని తీసి, పగిలినవి మార్చి, మళ్లీ కప్పించుకోవాలి. ఏటవాలు కప్పు మీద నీళ్లు నిలవవు. చూరు వెంట జారి వాకిట్లోకో, రెండు ఇండ్ల నడుమ వదిలిన సందులోకో పడతాయి. ఆ సందు ఎవరిదన్న తగవులు ఊరి పెద్దల ముందుకు వచ్చేవి. చూరు కింద గోలెమో గంగాళమో పెట్టి కొన్ని నీళ్లు పట్టడం ఉండేది. అవి పశువులకు, గిన్నెలకు. తాగడానికి చేదబావి ఉండనే ఉంది.

గడీలు, కోటలు, గుళ్ల దారి వేరు. వాటి కప్పులు చదునుగా ఉండేవి. దూలాల మీద దంతెలు పరిచి, పైన ఇటుకముక్కలు, డంగుసున్నం కలిపి పోసి, చెక్క పలకలతో రోజుల తరబడి కొట్టించేవారు. కొడుతూ చల్లే నీళ్లలో బెల్లం, కరక్కాయ నానేసేవారు. తీపి కలిస్తే సున్నం నింపాదిగా బిగుసుకుంటుంది, పగుళ్లు తక్కువ వస్తాయి, నీరు లోపలికి దిగదు. చెరుకు గానుగలు ఆడిన ఈ నేలలో బెల్లానికి ఇంటికప్పులోనూ పని ఉండేదన్నమాట. ఆ గచ్చుకు సన్నగా వాటం ఇచ్చి, చివరన గోడ దాటి బయటికి పొడుచుకొచ్చే రాతి తూములు పెట్టేవారు. గోడ తడవకుండా నీళ్లు దూరంగా పడాలన్నదే ఆ తూము పని. దోమకొండ కోటకు చేసిన పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారాల్లో గుర్తింపు వచ్చింది. పాత సున్నపు పని ఇప్పటికీ చేయించగలమని అలాంటి పునరుద్ధరణలే చూపిస్తాయి.

ఇల్లు నీళ్లను వదిలేసేది నిజమే, ఊరు మాత్రం వదిలేది కాదు. చూరు నుంచి వాకిలి, వాకిలి నుంచి వాగు, వాగు నుంచి చెరువు, ఆ చెరువు మత్తడి దూకితే కింది చెరువు. కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో పెరిగిన గొలుసుకట్టు చెరువుల పద్ధతి ఇదే. ఏ తూము ఎప్పుడు తెరవాలో చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. చెరువు నిండితే చుట్టుపక్కల బావులు ఊరేవి, అవే నీళ్లు చేదతో మళ్లీ ఇంట్లోకి వచ్చేవి. కాబట్టి వాన నీటి తొట్టి ప్రతి ఇంట్లో కట్టాల్సిన అవసరం పడలేదు, ఊరందరికీ కలిపి ఒకటి ఉంది. ఇందూరుకు రఘునాథ చెరువు, బోధనుకు బెల్లాల్ చెరువు ఆ వరుసలోనివే. మన పెద్దలకు కప్పునీళ్ల విలువ తెలియదనడం అన్యాయం. వాళ్లు నీళ్లు దాచిన చోటు వేరు, అంతే.

గత శతాబ్దం మొదట్లో సికింద్రాబాదు-మన్మాడు రైలుమార్గం వచ్చింది, ఇందూరు నిజామాబాదు అయింది. రైలుతో పాటు ఇంటి సామానూ దూరం నుంచి రావడం మొదలైంది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ మొదలుపెట్టిన యంత్రపు పెంకులు మనవాళ్ల నోట బెంగుళూరు పెంకులై ఊళ్లకు చేరాయి. గూనలలా ఏటా తీసి కప్పే బాధ వీటికి లేదు. రెండు వాలులు కలిసేచోట జింకు రేకు దోనె వేసి నీటిని ఒక పక్కకు మళ్లించడం అలవాటైంది. షాబాదు బండలు నేలకూ, కొన్నిచోట్ల కప్పుకూ ఎక్కాయి. దేశం స్వతంత్రమయ్యే ముందర, 1946లో, హైదరాబాదులో సిమెంటు రేకుల కంపెనీ పెట్టారు. దాని చార్మినార్ రేకులు తర్వాత కొట్టాలనుంచి బడుల దాకా పరుచుకున్నాయి.

వీటన్నిటికన్నా పెద్ద మార్పు మంజీరా నది మీద వచ్చింది. అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్, పాలకుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్. జలాశయం పట్టు మొదట్లో దాదాపు 29.7 టీఎంసీలు, ఆయకట్టు 2,75,000 ఎకరాలు. అప్పట్లోనే కట్టిన అలీసాగర్ నిజామాబాదు పట్టణానికి తాగునీటి ఆధారమైంది. 1937లో బోధను శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొంది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. చెరుకు ఏడాది పొడవునా పొలంలో ఉండే పంట, కాలువ భరోసా లేకుండా అంతటి ఫ్యాక్టరీ నడవదు.

కాలువ ఒడ్డు ఊళ్లలో బావులకు ఊట పెరిగింది. చెరువులకు కాలువ నీళ్లు తోడయ్యాయి. రెండు తరాల పాటు బోధను, బాన్సువాడ, వర్ని వైపు నీళ్లంటే దక్షిణం నుంచి కాలువలో వచ్చేవి. పైనుంచి పడేవి తలనొప్పి, కారితే ఆపాలి, నిలిస్తే తోలాలి. ఇంజనీరింగు గొప్పతనం కళ్ల ముందు ఉన్నచోట ఈ మతిమరుపు సహజమే. నిజాంసాగర్‌ను నేను తక్కువ చేయడం లేదు, అది లేకపోతే ఈ జిల్లాకు ఈ వరి, ఈ చెరుకు, ఈ చదువులు లేవు. కాకపోతే ఊరి చెరువుకు నీరు తెచ్చే వాగులను, ఇంటి కప్పును దానితో కలిపే దారిని మనం పట్టించుకోవడం మానేసింది ఆ కాలంలోనే.

అదే సమయంలో ఇల్లు కూడా మారింది. కాంక్రీటు స్లాబు మొదట సర్కారు కట్టడాలకు, తర్వాత షావుకారు ఇండ్లకు, 1970ల తర్వాత అందరికీ వచ్చింది. ఆర్మూరు, బాల్కొండ వైపు దుబాయి, మస్కట్ వెళ్లినవాళ్లు పంపిన డబ్బు మొదట పోసింది స్లాబే. స్లాబు చదును, చుట్టూ పిట్టగోడ. అంటే ప్రతి ఇంటి మీద ఒక లోతులేని తొట్టి తయారైంది. ఏటవాలు కప్పు తన నీటిని నాలుగు వైపులా పంచి వదిలేది. స్లాబు ఒకటి రెండు రంధ్రాల్లోంచి కుమ్మరిస్తుంది. పట్టుకోదలిస్తే ఇంత సులువు పెంకుటింటికి ఎన్నడూ లేదు. కానీ ఆ పైపు వీధిలోకే పోయింది. వాకిళ్లకు సిమెంటు, వీధులకు సీసీ రోడ్లు పడ్డాక ఇంకే చోటు కూడా పోయింది. 1975లో మొదలైన సింటెక్స్ ప్లాస్టిక్ ట్యాంకు తర్వాతి ఏళ్లలో స్లాబు ఎక్కి కూర్చుంది. బోరు నీళ్లు కిందినుంచి దానిలోకి ఎక్కుతాయి, దాని పక్కనే పడ్డ వాన నీళ్లు కిందికి దిగి మోరీలో పోతాయి.

కాలువ భరోసా మెల్లగా సన్నగిల్లింది. పూడికతో జలాశయం కుంచించుకుపోయింది. 1970లలో ఎత్తు పెంచాక ఇప్పటి పట్టు 17.8 టీఎంసీలు. ఎగువన సింగూరు ప్రాజెక్టు కట్టి మంజీరా నీళ్లను హైదరాబాదుకు మళ్లించారు. చివరి భూములకు నీళ్లివ్వడానికి గోదావరి నుంచి అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాతి కరువులో సింగూరు ఎండింది. 2016 ఏప్రిల్లో, ఇదే మంజీరా పరివాహకంలో ఉన్న లాతూరుకు మిరజ్ నుంచి రైల్లో తాగునీళ్లు తెచ్చారు. అంతకు కొన్ని నెలల ముందే, 2015 డిసెంబరులో, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ మూతకు నీళ్లొక్కటే కారణమనడం తప్పు. 2002 నాటి ప్రైవేటీకరణ, చెరుకు ధర, వరివైపు మళ్లిన రైతు, అన్నీ కలిశాయి. అయినా కాలువ శాశ్వతమన్న నమ్మకం మీద కట్టుకున్న లోకం ఒకటి ఆ దశాబ్దంలో ముగిసిందన్నది మాత్రం నిజం.

ప్రభుత్వాలు కదలకపోలేదు. 2000లో నీరు-మీరు కార్యక్రమం వచ్చింది, 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. కొత్త ఇంటి అనుమతికి ఇంకుడుగుంత షరతయింది. దక్షిణాన తమిళనాడు 2003లో పాత ఇండ్లకు కూడా గడువు పెట్టి కట్టించింది. అట్లాంటిక్‌లోని బెర్ముడా దీవుల్లోనైతే నదులే లేవు, కాబట్టి ప్రతి ఇల్లూ తన కప్పునీటిని తన తొట్టిలోనే పట్టుకోవాలని చట్టం. అక్కడి తెల్లని మెట్ల కప్పులు అందుకే అలా కడతారు. మన దగ్గర 2015 మార్చిలో మిషన్ కాకతీయ అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న సదాశివనగర్‌లో మొదలైంది, చెరువుల పూడిక తీశారు. 2020లో వచ్చిన ఇంటి అనుమతుల విధానం టీఎస్-బీపాస్ 600 గజాల దాకా ఇండ్లకు యజమాని స్వీయ ప్రకటన మీదే అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. పని సులువైంది, మంచిదే. ఇంకుడుగుంత విషయంలో మాత్రం నిజాయితీ భారం యజమాని మీద పడింది.

చట్టం ఒక మాట చెప్పలేదు, ఇక్కడి నేల చెబుతుంది. నిజామాబాదు తూర్పున, ఆర్మూరు వైపున ఎర్ర చెల్కలు, కింద గ్రానైటు. అలాంటి చోట ఇంకుడుగుంత బాగా పనిచేస్తుంది, ఎండిన బోరుకు ఊపిరి పోస్తుంది. బోధను, మద్నూరు వైపు నల్లరేగడి, పడమటికి పోయినకొద్దీ కింద దక్కను నల్లరాయి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది, నీటిని తొందరగా దిగనీయదు. కాలువ ఆయకట్టులో వానాకాలం నీటిమట్టం పైనే ఉంటుంది. అక్కడ గుంత తవ్వితే నీళ్లు ఇంకకుండా నిలిచే ప్రమాదం ఉంది, పునాది పక్కనే అయితే గోడకు పగులు. ఒకే గుంత నమూనాను జిల్లా అంతటికీ అంటగట్టడం పొరపాటని నా తీర్పు. చెల్క నేలలో గుంత, రేగడి నేలలో తొట్టి. రేగడిలో గుంతే కావాలనుకుంటే పునాదికి కనీసం 3 మీటర్ల దూరంలో, కింద నీరు దిగే పొర దొరికేదాకా తవ్వి వేయాలి.

తొట్టి ఎంత ఉండాలన్న ప్రశ్నకు చాలామంది భయపడి వెనక్కి తగ్గుతారు. 80,000 లీటర్లూ దాచాల్సిన పని లేదు. ఐదుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు రోజుకు 25 లీటర్లు అనుకుంటే 10,000 లీటర్ల సంపు ఏడాది దాటి వస్తుంది. అది రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు. 100 చదరపు మీటర్ల స్లాబు మీద 125 మిల్లీమీటర్ల వాన పడితే నిండిపోతుంది. అంటే నాలుగైదు మంచి వానలు. దీన్ని బోరు సంపుతో, మున్సిపల్ నీళ్లతో కలపకూడదు. వెలుతురు చొరకుండా మూత, గొట్టానికి దోమతెర, లోపలికి వెళ్లేముందు కంకర-ఇసుక వడపోత ఉండాలి. వేసవి దుమ్ము, పక్షిరెట్టలు మొదటి వానలో కడుక్కుపోతాయి కాబట్టి మొదటి నూరు, రెండు వందల లీటర్లు పక్కకు వదిలే పైపు తప్పనిసరి. తాగేముందు కాచుకోవాలి. నిండాక మిగిలిన నీళ్లు గుంతకో, చెట్లకో.

పైపుల సంగతీ అంతే ముఖ్యం, ఎందుకంటే వాన తీవ్రత పెరిగింది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి వైపు కురిసిన వానకు రోడ్లు తెగాయి. వందేళ్ల నాటి పోచారం ప్రాజెక్టు తన రూపకర్తలు ఊహించని వరదను తట్టుకుని నిలబడింది. గంటకు 100 మిల్లీమీటర్ల వాన లెక్కన నాలుగంగుళాల పైపు ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పుకే చాలుతుంది, మూడంగుళాలదైతే 20కే. అంటే 100 చదరపు మీటర్లకు నాలుగంగుళాల పైపులు మూడు కావాలి. మూడంగుళాలవి రెండు పెట్టి సరిపుచ్చితే పిట్టగోడ మధ్య నీళ్లు నిలుస్తాయి, స్లాబు చెమ్మగిల్లుతుంది, ఆ తర్వాత వాటర్‌ప్రూఫింగ్ అంటూ ఏటా ఖర్చు.

అందుకే ఇల్లు కట్టబోయేవారికి నా విన్నపం ఇదొక్కటే. స్లాబు పోసే ముందు మేస్త్రీతో, ఇంజనీరుతో కూర్చుని వాటం ఎటో, పైపులు ఎన్నో, సంపు ఎక్కడో నక్షా మీద గీయించండి. నూటికి ఒకటి చొప్పున వాటం చాలు. పిట్టగోడ మొదట్లో గోలా, అంటే గుండ్రటి మూల, తిప్పించండి. సెంట్రింగ్ కొట్టకముందు ఈ పనికి అయ్యేది కొన్ని పైపుల ఖర్చు. గృహప్రవేశం తర్వాత అదే పనికి స్లాబు తొలవాలి.