కరెన్సీ పతనం, రాజకీయ అనిశ్చితి, నగర గృహాల ధరలు: బెర్లిన్ అనుభవం (1914–1925)

పరిచయం

కరెన్సీ బలహీనపడితే నగరంలో ఇళ్ల ధరలు పెరుగుతాయా, తగ్గుతాయా? దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ధరను ఏ ద్రవ్యంలో లెక్కిస్తున్నాం, అద్దెను ఎవరు నిర్ణయిస్తున్నారు, ఇంటి మీద ఎవరు ఎవరికి బాకీ ఉన్నారు అనే మూడు విషయాలు ముందుగా తెలుసుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి బెర్లిన్ చరిత్ర ఆధారంగా వీటిని పరిశీలిద్దాం.

మార్కు పతనం

1914 జూలైలో ఒక అమెరికన్ డాలరుకు 4.2 మార్కులు వచ్చేవి. జర్మనీ యుద్ధ వ్యయాన్ని పన్నులతో కాక ప్రధానంగా అప్పులతో భరించింది. ఓటమి తరువాత నష్టపరిహారం భారం మీదపడింది. బడ్జెట్ లోటును నోట్ల ముద్రణతో పూడ్చారు. దీనికి రాజకీయ అస్థిరత తోడైంది. 1922 జూన్ 24న విదేశాంగ మంత్రి వాల్టర్ రాథెనౌ బెర్లిన్‌లో హత్యకు గురయ్యాడు. మార్కుపై మిగిలిన నమ్మకం కూడా సడలింది. డిసెంబరు నాటికి డాలరు 7,000 మార్కులు దాటింది. 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు రూర్ ప్రాంతాన్ని ఆక్రమించాయి. నవంబరులో డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది.

ఒకే ఇల్లు, రెండు ధరలు

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోండి. 1914లో లక్ష మార్కుల ఇల్లు దాదాపు 23,800 డాలర్లతో సమానం. 1922 చివరికి దాని ధర వంద రెట్లు పెరిగి కోటి మార్కులైందని అనుకుందాం. డాలరుకు 7,000 మార్కుల చొప్పున అది సుమారు 1,430 డాలర్లే. అమ్మినవారికి ధర పెరిగినట్లు, డాలర్లతో కొన్నవారికి కారుచౌకగా దొరికినట్లు కనిపిస్తుంది. విదేశీ కరెన్సీ ఉన్నవారు ఆ రోజుల్లో బెర్లిన్ అద్దె భవనాలను కొనడానికి కారణం ఇదే.

అద్దె నియంత్రణ

కరెన్సీ పడిపోయినంతగా ఇళ్ల ధర మార్కుల్లో ఎందుకు పెరగలేదు? ఇంటి ధరకు ఆధారం దాని అద్దె. యుద్ధకాలంలో మొదలైన అద్దె నియంత్రణను 1922 నాటి చట్టం కొనసాగించి, 1914 జూలై అద్దెను ప్రమాణంగా తీసుకుంది. ధరల వేగాన్ని అద్దె అందుకోలేకపోయింది. చివరికి మరమ్మతులకు కూడా చాలని అద్దెతో యజమానులు ఇబ్బంది పడ్డారు. అద్దెదారులకు మాత్రం ఆ చట్టమే నీడ నిలిపింది.

తనఖా: నష్టం ఎవరిది?

ఇంటిని తనఖా పెట్టి అప్పు తీసుకున్నవారు విలువలేని నోట్లతో బాకీ తీర్చేశారు. ఆ తనఖాలలో డబ్బు పెట్టి, వడ్డీతో బతికే మధ్యతరగతి వృద్ధులు, వితంతువులు జీవితకాలపు పొదుపును కోల్పోయారు. 1923 నవంబరులో వచ్చిన రెంటెన్‌మార్కు ద్రవ్యాన్ని నిలబెట్టింది. 1924లో ప్రభుత్వం పాత తనఖాలకు 15 శాతం విలువను పునరుద్ధరించింది. 1925లో దాన్ని 25 శాతానికి పెంచింది. బాకీ తీరిన యజమానుల లాభంపై గృహ వడ్డీ పన్ను విధించింది. ఆ నిధుల్లో కొంత భాగం కొత్త గృహ నిర్మాణానికి వెళ్ళింది. బ్రూనో టౌట్, మార్టిన్ వాగ్నర్ రూపకల్పనలో 1925లో బ్రిట్జ్‌లో మొదలైన గుర్రపు నాడా ఆకారపు కాలనీ ఆ కాలపు నిర్మాణమే.

సారాంశం

కరెన్సీ పతనమైనప్పుడు ఇల్లు నిలుస్తుంది, కానీ దాని విలువ చేతులు మారుతుంది. అప్పిచ్చినవారి నుంచి అప్పు తీసుకున్నవారికి, స్వదేశీ ద్రవ్యం గలవారి నుంచి విదేశీ ద్రవ్యం గలవారికి అది బదిలీ అవుతుంది. ఎవరు ఎంత నష్టపోతారో నిర్ణయించడంలో మార్కెట్టుతో పాటు చట్టానికీ పాత్ర ఉంటుంది. ధరల పట్టిక చూసినప్పుడు ‘ఏ ద్రవ్యంలో? ఎవరికి?’ అని అడగడం మీరు అలవాటు చేసుకోవాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. అద్దె నియంత్రణ ఇంటి ధరను ఎలా ప్రభావితం చేసింది?
2. 2013 ఆరంభంలో డాలరు సుమారు 55 రూపాయలు. ఆగస్టు చివర్లో 68 దాటింది. హైదరాబాదులో ధర మారని 50 లక్షల ఫ్లాటు, డాలర్లలో సంపాదించే వ్యక్తికి ఎంత చౌక అయింది? తెలంగాణ ఏర్పాటు నిర్ణయం వెలువడిన అదే కాలంలో, అతడు కొనుగోలుకు వెనుకాడడానికి ఏ కారణాలుండవచ్చు?